ఏలినవారి దినచర్యలు

మన యిండ్లలో పెద్దలు వెనుకటి దినములలో జమాఖర్చుల పుస్తకమొకటి వ్రాసెడివారు. ధాన్యము అమ్మగా వచ్చిన సొమ్ము, పాలేరు జీతము, శిస్తు కట్టిన తేది మొదలగునవి అందుండెడివి. ప్రక్కన ఖాళీగానున్న చోట ఒక్కొక్కప్పుడు వేఱు మాటలును కనబడును. ఆనాడు పెద్దవాన కురిసినది. చిన్నమ్మాయికి జ్వరము తగ్గినది. ఫలానివాడు అప్పు అడుగవచ్చి, అడుగలేక, మజ్జిగ త్రాగి పోయినాడు. లెక్కలకు ఈ మాటలతో పనిలేదు. కాని యేబది యేండ్ల తరువాత మనుమడు ఆ పుస్తకము తెఱచినపుడు మొదట చదువునవి లెక్కలు కావు, ఆ ప్రక్కమాటలే. ఆ యింటివారు ఎట్లు బ్రదికిరో వానివలననే తెలియును.

రాజ్యములకును ఇట్లే రెండు విధములైన వ్రాతలు కలవు. మొదటిది దస్త్రము. మంత్రివర్గము సమావేశమైనది, చర్చించినది, ఈ విధముగా తీర్మానించినది అని దస్త్రము చెప్పును. ఎవరు కాదనిరి, ఎవరు మిన్నకుండిరి, ఎవరిపై కోపముతో ఎవరు మంచి యాలోచనను చెడగొట్టిరి అను సంగతులు అందుండవు. ఉండకుండ వ్రాయుటయే దస్త్రము వ్రాయువాని నేర్పు. రెండవది, ఆ గదిలో కూర్చుండినవాడు రాత్రి యింటికి వచ్చి దీపము ముందు వ్రాసికొనిన దినచర్య. వాడుకలో మనము డైరీ యనునది యిదియే. రాజకీయవేత్తలును రాయబారులును వ్రాసిన డైరీలు నేడు అనేకములు అచ్చులో నున్నవి. వానిని ఎంతవరకు నమ్మవచ్చును? వానివలన మనవంటి సామాన్యులకు కలుగు లాభమేమి? ఈ రెండు ప్రశ్నలను కొంచెము విచారింతము.

ఇందులకు దూరము పోనక్కరలేదు. మన దక్షిణదేశముననే పుట్టిన గొప్ప దినచర్య యొకటి కలదు. అది పుదుచ్చేరి ఆనందరంగపిళ్ల వ్రాసినది. ఆయన 1709లో మద్రాసు చెంత పెరంబూరున పుట్టెను. వర్తకము చేసి, ఫ్రెంచివారి కొలువున జేరి, 1747లో గవర్నరు డూప్లేకు ప్రధాన దుబాసి యయ్యెను. రెండు భాషలు తెలిసినవాడని ఆ మాటకర్థము. కాని ఆనాటి దుబాసి కేవలము ఒకరి మాటను ఇంకొకరికి చెప్పువాడు కాడు. దొరకును దేశమునకును నడుమ తలుపువంటివాడు. నవాబుల లేఖలు, వర్తకుల బేరములు, నజరానాలు, ఫిర్యాదులు, అన్నియు ఆ తలుపు దాటియే లోనికి పోవలెను. పిళ్ల 1736లో మొదలుపెట్టి, 1761లో మరణించువఱకును, తమిళమున తన దినచర్య వ్రాసెను. మద్రాసు ప్రభుత్వమువారు దాని ఆంగ్లానువాదమును 1904 మొదలు 1928 వఱకు 12 సంపుటములుగా ప్రకటించిరి.

ఈ పిళ్లకును తెలుగునకును సంబంధము కలదు. కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథమును ఈయనకు అంకితమిచ్చి, ఆనందరంగరాట్ఛందమని దానికి పేరిడెను. కృతిభర్తను కర్ణునితోను చంద్రునితోను పోల్చి పొగడుట మన కవుల సంప్రదాయము. అట్టి కృతిభర్త తన డైరీలో ఎట్లు కనబడుచున్నాడు? ఓడ వచ్చినదా లేదా యని రేవు వైపు చూచుచున్నాడు. దొర ముఖము నేడు ప్రసన్నముగా నున్నదా లేదా యని లెక్కించుచున్నాడు. డూప్లే భార్య తనకు విరోధముగా ఏమి పన్నుచున్నదో యని కలతపడుచున్నాడు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొన్నప్పుడు డూప్లేకును నౌకాదళనాయకుడు లాబూర్డొనేకును పుట్టిన కలహమును ఆయన దగ్గఱనుండి చూచి వ్రాసెను. 1748లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించిన దినములలో ఫ్రెంచివారు వేదపురీశ్వరుని ఆలయమును పడగొట్టిన సంగతిని ఊరివారి మాటలతో సహా వ్రాసెను. రాజ్యము చేతిలో లేకున్నను రాజ్యము నడచు దారిలో నిలిచినవాడగుటచేత, దొరలు తమ దేశమునకు పంపిన నివేదికలలో కానరాని సంగతులు ఆయన పుస్తకమున నిలిచినవి. 1756 నాటికి పిళ్ల పదవి పోయెను. 1761 జనవరిలో ఆయన కన్నుమూసెను. కొలది దినములకే పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమయ్యెను. తాను సేవించిన ప్రభుత్వము పతనమగుట చూడకయే ఆయన పోయెను.

ముందేమి జరుగునో ఎఱుగక వ్రాయుటయందే దినచర్య విలువ యున్నది. ఆత్మకథకును దీనికిని భేదమిదియే. ఆత్మకథ వ్రాయువాడు ఒడ్డున కూర్చుండి, తాను దాటివచ్చిన యేటిని వర్ణించును. డైరీ వ్రాయువాడు ఇంకను ఏటి నడుమనే యున్నాడు. ప్రకాశం పంతులుగారి 'నా జీవితయాత్ర' చదువునపుడు మనము ఆయనతో గూడ ఒడ్డున కూర్చుండి విందుము. డైరీ చదువునపుడు నీటిలో దిగవలసినదే.

దీనికొక చిన్న నిదర్శనము కలదు. 1953 ఫిబ్రవరి 17వ తేదిని భారత రాయబారి కె. పి. యస్. మేనోను మాస్కోలో స్టాలినును చూడబోయెను. మాటలాడుచున్నంతసేపు స్టాలిను కాగితముపై తోడేళ్ల బొమ్మలు గీయుచుండెననియు, తోడేళ్ల సంగతి మా రైతులకు బాగుగా తెలియునని వానిని చంపుటను గూర్చి చెప్పెననియు మేనోను వ్రాసికొనెను. పదునాఱు దినములు గడచినవి. మార్చి 5వ తేదిని స్టాలిను మరణించెను. అంత్యకాలమున ఆ నియంత మనస్సులో మెదలుచుండిన భయములేవో, పగలేవో, ఆ తోడేళ్ల బొమ్మలవలన నేటి పాఠకుడు ఊహించుకొనుచున్నాడు. మేనోను మాత్రము అది యంత్యకాలమని ఎఱుగక, చూచినది చూచినట్లు వ్రాసెను. ఆ దినచర్యలోని భాగములు 'ది ఫ్లయింగ్ ట్రాయికా' యను పేర 1963లో అచ్చుపడినవి.

అదే ఫిబ్రవరి మాసమున, అదే మాస్కోలో, మఱియొక రాయబారిని ప్రభుత్వము బంధించినది. ఆయన ఇవాన్ మైస్కీ. 1932 మొదలు 1943 వఱకు లండనులో సోవియట్ రాయబారిగా నుండెను. స్టాలిను కాలమున ప్రభుత్వోద్యోగి డైరీ వ్రాయుట యనగా తన నేరపత్రమును తానే వ్రాసికొనుట. అయినను మైస్కీ వ్రాసెను. చర్చిలుతోను ఇతర ఆంగ్లనాయకులతోను జరిగిన సంభాషణలను విడువక వ్రాసెను. బంధింపబడినపుడు ఆ పుస్తకములును ప్రభుత్వము వశమైనవి. గొరొదెత్‌స్కీ యను చరిత్రకారుడు వానిని పత్రాలయమున చూచి, పరిష్కరించి, అందుండి ఏర్చిన భాగములను 2015లో ఆంగ్లమున ప్రకటించెను. ఈ డైరీ చదువువారు ఒక్క సంగతి మఱవరాదు. ఇది ఏనాటికైనను పైవారి కంటబడునను భయముతో వ్రాసిన పుస్తకము. కాబట్టి అందలి మాటలను ఎంత శ్రద్ధగా చూడవలెనో, అందులేని మాటలను గూర్చియు అంత శ్రద్ధగా ఆలోచింపవలెను.

భయముచేత దాచువాడు ఒకడైన, అభిమానముచేత దిద్దుకొనువాడు మఱియొకడు. ఇటలీ విదేశాంగమంత్రి గలెయాజో చియానో ముస్సోలినీకి అల్లుడు. 1936 మొదలు 1943 ఫిబ్రవరి వఱకు ఆ పదవిలో నుండెను. హిట్లరుతోను, జర్మను విదేశాంగమంత్రి రిబ్బెంట్రాపుతోను తనకు జరిగిన సంభాషణలను డైరీలో వ్రాసికొనెను. 1943 జూలైలో ఫాసిస్టు మహామండలిలో మామగారికి ప్రతికూలముగా వోటిచ్చెను. తరువాత జర్మనుల చేతికి జిక్కి, వెరోనా చెఱసాలకు జేరెను. అప్పుడా డైరీ ఆతని ప్రాణమునకు వెలగా మారినది. భర్తను విడిచినచో పుస్తకములనిత్తునని భార్య ఎడ్డా జర్మనులతో బేరమాడినది. హిట్లరు సమ్మతింపనందున బేరము చెడినది. ఆమె ఆ పుస్తకములను బట్టలమాటున దాచుకొని, 1944 జనవరిలో స్విట్జర్లాండు సరిహద్దు దాటినది. ఆ నెల 11వ తేదిని చియానోను కాల్చి చంపిరి. మనిషి దక్కలేదు, పుస్తకము దక్కినది. న్యూరెంబర్గు విచారణలో రిబ్బెంట్రాపునకు ప్రతికూలముగా అది సాక్ష్యమిచ్చినది.

ఇంత కష్టముతో దక్కిన పుస్తకము గదా యని అందలి ప్రతి యక్షరమును నమ్మవచ్చునా? నమ్మరాదు. జర్మనులు పోలెండుపై యుద్ధము నిశ్చయించిరని 1939 ఆగస్టులో తెలిసికొన్నది మొదలు, తానా యుద్ధమునకు విరోధినని చియానో వ్రాసికొనెను. అది చాలవఱకు నిజమే. కాని ఆ సంవత్సరము ఏప్రిలులో అల్బేనియాను ఆక్రమించుటకును, 1940 అక్టోబరులో గ్రీసుపై దండెత్తుటకును మిక్కిలి తొందరపడినవాడును చియానోయే. పొరుగువాని తప్పులు వ్రాయునపుడు పదునుగానున్న కలము తన తప్పుల దగ్గఱ మొద్దువాఱుట మనుష్యస్వభావము. దినచర్య వ్రాసినవాడు సాక్షియే గాని న్యాయాధిపతి కాడని మనము తెలిసికొనవలెను.

ఇంతకును, రాజ్యరహస్యములను రక్షింతునని ప్రమాణముచేసిన మంత్రి వానిని డైరీలో వ్రాసి అచ్చువేయించుట న్యాయమా? ఈ ప్రశ్న ఇంగ్లండులో న్యాయస్థానమునకే యెక్కినది. రిచర్డు క్రాస్‌మన్ 1964 మొదలు 1970 వఱకు లేబరు ప్రభుత్వమున మంత్రిగా నుండెను. ప్రతివారాంతమున ఆ వారపు సంగతులను ధ్వనియంత్రమునకు చెప్పి పట్టించెడివాడు. తన శాఖకు తానే యజమానినని వచ్చిన మంత్రికి, శాఖ తనను ఎట్లు మెత్తగా, మర్యాదగా, చేతులు కట్టి కూర్చుండబెట్టినదో తెలిసికొన్న వైనము ఆ డైరీలో కనబడును. 'యెస్ మినిస్టర్' అను హాస్యనాటకమాలికకు ఈ డైరీ ప్రేరణమైనది. క్రాస్‌మన్ 1974లో మరణించెను. మఱుసటి సంవత్సరము డైరీ ప్రకటనము ప్రారంభము కాగా, ప్రభుత్వ ప్రధానన్యాయవాది దానిని ఆపవలెనని కోర్టుకెక్కెను. మంత్రివర్గ రహస్యములను కాపాడుట న్యాయమే కాని, పదేండ్లనాటి మాటలు వెల్లడియైనందున నేటి మంత్రులకు నోరుమూతపడదని ప్రధానన్యాయమూర్తి విడ్జరీ 1975 అక్టోబరులో తీర్పు చెప్పి, గ్రంథమును అచ్చుకానిచ్చెను. పిమ్మట రాడ్‌క్లిఫ్ ఉపసంఘము 1976లో ఇట్టి గ్రంథములకు పదునైదేండ్ల గడువు సూచించెను.

ప్రభుత్వమువారి వాదము కేవలము తోసివేయదగినది కాదు. ప్రక్కనున్నవాడు రాత్రి యింటికి పోయి నా మాట వ్రాసికొనునని తెలిసిన, ఎవ్వడు మనసిచ్చి మాటలాడును? పొరపాటైన యాలోచనను బయటపెట్టి, నలుగురిచేత దిద్దించుకొనుటకు రహస్యము కొంత యవసరమే. కాని ఆ రహస్యమునకు ఒక మేర యుండవలెను. మేర లేని రహస్యము తప్పుచేసినవానికి కోట యగును.

ఇందొక వినోదము కలదు. ఆ మంత్రివర్గముననే బార్బరా కాసిల్, టోనీ బెన్ అను ఇరువురును డైరీలు వ్రాసికొనుచుండిరి. అవియును తరువాత అచ్చుపడెను. మువ్వురి పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదువువానికి ఒకే ప్రభుత్వము మూడు విధములుగా కనబడును. ఎవరి పుస్తకమున వారే తెలివిగలవారు. అయినను మువ్వురును ఒప్పుకొనిన సంగతి యొకటి కనబడినచో, దానిని మనము గట్టిగా పట్టుకొనవచ్చును.

అచ్చువేయువారి కత్తెరను గూర్చియు ఒక్క మాట చెప్పవలెను. చిప్స్ చానన్ అను పార్లమెంటు సభ్యుని డైరీలు మొదట 1967లో వెలువడినపుడు, బ్రదికియున్న వారికి నొప్పి కలుగునని చాలభాగము తీసివేసిరి. అవి మూడు బృహత్సంపుటములుగా 2021, 2022 సంవత్సరములలో వచ్చినపుడు గాని లోకమునకు ఆ మనుష్యుని పూర్తిరూపము తెలియలేదు. కావున డైరీని చేతబట్టినపుడు మనము అడుగవలసిన ప్రశ్నలివి: ఆ రాత్రియే వ్రాసెనా, తరువాత దిద్దెనా? ఎవరు చదువుదురని వ్రాసెను? అచ్చునకు ముందు కత్తెర పట్టినదెవరు? అదే సంగతిని చూచిన రెండవ సాక్షి కలడా?

ఈ నాల్గవ ప్రశ్న యెంత ముఖ్యమో మన దేశచరిత్రలోని యొక దుఃఖఘట్టము తెలుపును. 1943లో బంగాళమున ఘోరమైన కరవు వచ్చినది. ఆ కరవువలనను దాని వెంట వచ్చిన రోగములవలనను చనిపోయినవారు ముప్పది లక్షల వఱకు నుందురని చరిత్రకారుల యంచనా. బర్మా జపానువారి వశమై అక్కడి బియ్యము రాకపోవుట, 1942 అక్టోబరులో మేదినీపూరు ప్రాంతమును తుపాను ముంచుట, యుద్ధకాలపు ధరలు, దాచినవారి దురాశ, ప్రభుత్వపు అలసత్వము, ఇట్లు కారణములు అనేకములు. 1943 అక్టోబరులో వేవెల్ ప్రభువు వైస్రాయి యయ్యెను. ఆయన సేనాని. పదవిలోనికి వచ్చిన వారము దినములలోనే కలకత్తాకు పోయి, వీధులలో పడియున్న జనులను చూచి, అన్నము పంచుటకు సైన్యమును దింపెను. తరువాత లండనునకు తంతి మీద తంతి పంపుచు, ఓడలలో గోధుమలు పంపుడని అడుగుచుండెను. యుద్ధమునకు ఓడలు చాలవని లండనువారి సమాధానము.

వేవెల్ డైరీ వ్రాసెను. ఆయన 1950లో మరణించెను. పెండెరెల్ మూన్ పరిష్కరణమున ఆ డైరీ 1973లో వెలువడినది. 1944 జూలైనాటి వ్రాతలో ఇట్లున్నది: ప్రధానమంత్రి చర్చిలు తనకు తంతి పంపి, గాంధీ ఇంకను చావలేదేమని విసుగుతో అడిగెననియు, ఆహారమును గూర్చి తాను పంపిన తంతికి మాత్రము ఇంతవఱకు జవాబీయలేదనియు. రెండు సంగతులను ఆయన ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టెను. వ్యాఖ్యానము వ్రాయలేదు. వ్యాఖ్యానము అవసరమును లేదు.

ఇది పైవారిపై కినిసిన వైస్రాయి యొక్కని మాట యని త్రోసివేయవచ్చునా? అక్కడనే రెండవ సాక్షి వచ్చుచున్నాడు. ఆ కాలమున లండనులో భారతవ్యవహారముల మంత్రిగానుండిన ఎమెరీ గూడ డైరీ వ్రాసెను. అది 1988లో అచ్చుపడినది. ఎమెరీ చర్చిలు పక్షమువాడే. సామ్రాజ్యమును గాఢముగా నమ్మినవాడే. అట్టివాడు 1944 ఆగస్టులో మంత్రివర్గ సమావేశమున, భారతీయులయెడ ప్రధానమంత్రి దృష్టికిని హిట్లరు దృష్టికిని తనకంత భేదము కనబడుట లేదని, చర్చిలు ముఖముననే అనినట్లు వ్రాసికొనెను. ఢిల్లీలో ఒకడు, లండనులో ఒకడు, ఒకరి పుస్తకము నొకరు చూడక వ్రాసిరి. వ్రాతలు కలిసినవి. 1970 మొదలు 1983 వఱకు బ్రిటిషు ప్రభుత్వమే 12 సంపుటములుగా ప్రకటించిన అధికారపరివర్తన పత్రములతో వానిని సరిచూచుకొనవచ్చును. కరవునకు కారణము ఒక్కని కోపమే యని యిందువలన తేలదు. కాని తిండిలేక చచ్చువారి మొఱ ఏ గదిలో, ఎవరి యెదుట, ఎట్లు ఆగిపోయినదో తేలినది. ఆ చనిపోయినవారికి డైరీలు లేవు. వారి పక్షమున ఏలినవారి డైరీలే సాక్ష్యము చెప్పవలసి వచ్చినది.

సామాన్యులకు దినచర్యలవలన కలుగు లాభమిదియే. గొప్పవారి గుట్టు తెలిసికొను వేడుకకై మనము వానిని చదువుచుండవచ్చును. కాని చదివిన పిమ్మట, దస్త్రములో తీర్మానింపబడినది అను మాట కనబడినప్పుడెల్ల, ఎవరు తీర్మానించిరి, ఎవరు కాదనిరి అని యడుగు నలవాటు మనకు కలుగును. ప్రజలే ప్రభువులైన దేశమున ఆ యలవాటు మిక్కిలి అవసరమైనది.

మనలో డైరీ వ్రాసినవారు లేకపోలేదు. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానమున కొలువు చేయుచు వ్రాసికొనిన డైరీలు అచ్చుపడినవి. ఇంకను అచ్చుకాని వెన్ని యటకలమీద నున్నవో! కరణీకముచేసిన తాతల, సంస్థానములలో దివానులుగానుండిన ముత్తాతల, తాలూకా కచ్చేరిలో గుమాస్తాలైన పినతండ్రుల చేతివ్రాతలు పెట్టెలలో చెదలు తినుచున్నవి. వంశపారంపర్యపు కరణీకము 1984లోనే పోయినది. ఆ వ్రాత చదువగలవారును తగ్గుచున్నారు. గ్రామమున నీటితగవు ఎట్లు తీఱినదో, కరవునాడు ధాన్యపుకొట్టు ఎవరు తెఱచిరో, ఎవరు తెఱవకుండిరో అందుండవచ్చును. పాతకాగితములవానికి తూకము వేయుటకు ముందు ఒక్కమాఱు విప్పి చూడుడు. ఇంట నుంచుకొన వీలులేనిచో విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకో, రాష్ట్ర పత్రాలయమునకో అప్పగింపుడు. లెక్కల ప్రక్కన వ్రాసిన ఆ చిన్నమాటలు ఏనాడు ఎవరి పక్షమున సాక్ష్యము చెప్పవలసి వచ్చునో, వ్రాసినవారును ఎఱుగరు, మనమును ఎఱుగము.